మాత్ర మానేటప్పుడు చివరి ముక్కే పెద్దది

(విజయనగరంలో ఒక ఆదివారం సాయంత్రం, గ్రంథాలయం మేడ మీది హాల్లో ఒక మానసిక వైద్యురాలు చేసిన ప్రసంగమిది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాట మార్చలేదు. సభలోంచి వచ్చిన చీటీలకి ఆవిడిచ్చిన జవాబులు చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నుంచున్నవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మానసిక డాక్టరుకి దగ్గర్లో కూర్చుంటే ఎవరైనా ఏమైనా అనుకుంటారని భయమా? ఎవరూ ఏమీ అనుకోరు, రండి. ఫ్యాను చప్పుడికి వినపడకపోతే చెయ్యెత్తండి, గట్టిగా మాట్లాడతాను.

ఇవాళ డిప్రెషన్ ఎందుకొస్తుంది, ఎలా గుర్తుపట్టాలి, ఇవేవీ నేను చెప్పను. అవి మీరు చాలాసార్లు విన్నారు, పేపర్లో చదివారు. నేను మాట్లాడేది ఆ తరవాతి సంగతి. మందు వాడారు, తగ్గింది, ఇప్పుడు మానేద్దామనుకుంటున్నారు. లేదా ఎవరికీ చెప్పకుండా ఇప్పటికే మానేశారు, వారం నుంచి కళ్ళు తిరుగుతున్నాయని గోడ పట్టుకుని నడుస్తున్నారు. ఈ హాల్లో అలాంటివాళ్ళు ఉన్నారా అని అడగను. అడిగితే ఒక్కరూ చెయ్యెత్తరు. ఎత్తక్కర్లేదు కూడా. వినండి చాలు.

మందులంటే ఏ మందులు? మన దగ్గర ఎక్కువగా రాసేవి ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్. ఇంకో రకంలో వెన్లాఫాక్సిన్, డెస్‌వెన్లాఫాక్సిన్, డ్యులాక్సెటిన్. పాతకాలంవి అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్. మాత్రల అట్ట మీద కంపెనీ పెట్టిన పేరు ఒకటి ఉంటుంది, అసలు మందు పేరు వేరేగా ఉంటుంది. ఇంటికెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని ఆ అసలు పేరు చదవండి. ఎందుకు చదవమంటున్నానంటే, డిప్రెషన్ లేనివాళ్ళకి కూడా ఇవి రాస్తారు. షుగరు వల్ల అరికాళ్ళు మండితే డ్యులాక్సెటిన్ రాస్తారు. ఒంటిచెంప తలనొప్పికి అమిట్రిప్టిలిన్ రాస్తారు. గ్యాస్, గుండెదడ, నిద్రలేమి అని వెళ్తే ఎస్సిటలోప్రామ్ రాస్తారు. "నాకు డిప్రెషన్ ఏటి, నేను వాడేది గ్యాస్ మాత్ర" అనే మాస్టారు ఒకరున్నారు. మాస్టారూ, మీరు అయిదేళ్ళుగా వాడుతున్నది గ్యాస్ మాత్ర కాదు.

మన జనం ఈ మందు ఎలా మానేస్తారో ముందు చెప్తాను. తగ్గింది కదా అని మానేసేవాళ్ళు ఒక రకం. "మొత్తం తగ్గిపోనాది డాక్టరమ్మా, ఇంకేటికి" అంటారు. రెండో రకం, మాల వేసుకున్నవాళ్ళు. అయ్యప్ప దీక్ష 41 రోజులు, తెల్లారగట్ల చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, మాత్రలు బంద్. నేను దీక్షకి వ్యతిరేకిని కాను, మా ఇంట్లోనూ వేసుకుంటారు. నేనడిగిన గురుస్వాములెవరూ మందు మానమని చెప్పలేదు, వీళ్ళే మానేస్తారు. మూడో రకం, వలస వెళ్ళినవాళ్ళు. కుర్రాడు పలాసలోనో శ్రీకాకుళం రోడ్డులోనో ఫలక్‌నుమా ఎక్కి సికింద్రాబాదులో దిగుతాడు. సంచీలో ఒకే అట్ట. అది అయిపోతుంది. అక్కడి షాపువాడు ఈ కంపెనీది లేదు, చీటీ తెమ్మంటాడు. చీటీ ఊళ్ళో అమ్మ దగ్గర ఉంటుంది. వీడు మానెయ్యాలనుకోలేదు, మందే వీణ్ణి మానేసింది. మేస్త్రీ పరంజా ఎక్కమంటాడు, వీడికి కళ్ళు తిరుగుతుంటాయి.

నాలుగో రకం గురించి కొంచెం మెల్లగా చెప్పాలి. ఇంట్లో ఎవరికీ తెలియకుండా వాడే ఆడవాళ్ళు. ఒకావిడ మాత్రల అట్టని కత్తిరించి, రెండేసి మాత్రలుగా చేసి, పోపుల డబ్బాలో ఎండుమిరపకాయల గిన్నె కింద పెట్టుకునేది. వివరాలు మార్చి చెప్తున్నాను, ఎవరో పోల్చుకోవాలని చూడకండి. అత్తగారు ఊరినుంచి వచ్చి నెల రోజులుంటే, ఆ నెల మాత్రలు లేవు. ఎందుకంటే పోపుల డబ్బా అత్తగారి చేతికెళ్ళింది. ఆ నెలంతా ఆవిడ చిటుక్కుమంటే ఏడవడం, కసురుకోవడం, వాంతి వచ్చేటట్టుందని అన్నం వదిలేయడం. ఇంట్లోవాళ్ళు ఏమనుకున్నారు? అత్తాకోడళ్ళకి పడట్లేదనుకున్నారు! పడుతుందో లేదో నాకు తెలీదు గానీ, ఆ నెల జరిగింది మాత్రం మందు ఆగిపోవడం వల్ల.

ఏమవుతుంది మరి, ఆపేస్తే? కళ్ళు తిరగడం అన్నిటికన్నా ఎక్కువ. వికారం, విరేచనాలు, తలనొప్పి, చెమటలు, జలుబు చేసినట్టు ఒళ్ళునొప్పులు. నిద్ర పట్టకపోవడం, పట్టినా చిత్రమైన కలలు, ఉలిక్కిపడి లేవడం. కంగారు, చిరాకు, కారణం లేకుండా ఏడుపు. ఇంకొకటి ఉంది, అది దాదాపు ఈ మందులకే ప్రత్యేకం. కళ్ళు పక్కకి తిప్పితే తల్లో జిప్‌మని కరెంటు కొట్టినట్టు ఉంటుంది. ఒక్క క్షణం. మూడు లాంతర్ల కూడలి దగ్గర స్కూటరు మీద అటూ ఇటూ చూస్తారు కదా, అప్పుడు వస్తుంది. "బుర్రలోన కరెంటు కొడతంది" అని చెప్పేటప్పుడు చాలామంది మొహంలో సిగ్గు చూస్తాను, డాక్టరు నమ్మదేమో అని. నమ్ముతాను. ప్రపంచమంతా ఇదే మాట చెప్తారు, ఏ దేశంలో అడిగినా కరెంటు షాకు అనే అంటారు. భయంకరంగా ఉంటుంది గానీ దానివల్ల మెదడు పాడవుతుందని ఎక్కడా తేలలేదు.

ఎందుకిలా? నరాల కణాలు సెరటోనిన్ అనే పదార్థాన్ని వదులుతాయి, వదిలిన కణమే దాన్ని మళ్ళీ లోపలికి లాక్కుంటుంది. ఈ మందులు ఆ లాక్కునే దారిని మూసేస్తాయి. నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఆ దారి మూసి ఉంటే మెదడు, ఒళ్ళు దానికి తగ్గట్టు సర్దుకుంటాయి. ఒక్కసారి మందు తీసేశాం. మందు రోజుల్లో వెళ్ళిపోతుంది. సర్దుబాటు మాత్రం అన్ని రోజుల్లో పోదు, వారాలు పడుతుంది, కొందరికి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో పడేదే ఈ బాధ. కడుపెందుకు తిప్పుతుందంటారా? ఒంట్లో సెరటోనిన్ 90 శాతం పైన పేగుల్లోనే ఉంటుంది. అందుకు.

ఇది తాగుడు లాంటి వ్యసనమా అని అడుగుతారు. కాదు. తాగేవాడికి మందు కావాలనే యావ ఉంటుంది, రోజురోజుకీ ఎక్కువ కావాలి. ఈ మాత్రల కోసం అలా ఎవరూ వెంపర్లాడరు. కానీ ఒంటికి అలవాటు పడతాయి, ఆపితే ఒళ్ళు గొడవ చేస్తుంది. ఈ రెండో మాట మా వైద్యులు చాలాకాలం సరిగ్గా చెప్పలేదు. నిజం చెప్పాలంటే మాకు మందు మొదలుపెట్టడం బాగా నేర్పారు, ఆపడం అంతగా నేర్పలేదు. రోలాండ్ కూన్ అనే స్విట్జర్లాండ్ డాక్టరు ఇమిప్రమిన్ డిప్రెషన్‌కి పనిచేస్తుందని 1957లో ప్రకటించాడు. కొద్ది ఏళ్ళలోనే, దాన్ని ఆపితే ఇబ్బందులొస్తున్నాయని రాసినవాళ్ళున్నారు. అయినా ఇంగ్లండులో ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు ఈ ఇబ్బందులు సాధారణంగా స్వల్పం, వారంలో పోతాయనే చాలాకాలం చెప్పాయి. 2019లో ఆ మాట మార్చారు. కొందరికి తీవ్రంగా, ఎక్కువకాలం ఉండొచ్చని ఒప్పుకున్నారు. మార్చమని గట్టిగా అడిగినవాళ్ళు ఎవరనుకున్నారు? చాలావరకు మందు మానలేక అవస్థపడిన రోగులే.

ఎంతమందికి వస్తుంది? భయపడాల్సినంత కాదు, కొట్టిపారెయ్యాల్సినంత తక్కువా కాదు. 2024లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో 79 అధ్యయనాలు కలిపి లెక్కగట్టారు. మందు ఆపినవాళ్ళలో 31 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కనిపించింది. ఉత్తుత్తి మాత్ర, అంటే మందు లేని మాత్ర ఆపినవాళ్ళలో కూడా 17 శాతం మందికి కనిపించింది. అవును, నవ్వండి, మనసు అలాంటిది. తీసివేస్తే మందు వల్ల నిజంగా వచ్చింది ఆరేడుగురిలో ఒకరికి. బాగా తీవ్రంగా వచ్చింది సుమారు 35 మందిలో ఒకరికి. కానీ ఆ అధ్యయనాల్లో చాలావాటిలో మందు వాడింది కొద్ది నెలలే. అయిదేళ్ళు, పదేళ్ళు వాడినవాళ్ళకి ఇదే లెక్క చెప్పి పంపించేస్తే అన్యాయం.

ఏ మందు అన్నది కూడా ముఖ్యం. ఫ్లూఆక్సెటిన్ ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది, ఒంట్లో అది మారే తరవాతి రూపం వారాలు ఉంటుంది. అందుకే దానితో గొడవ తక్కువ, వచ్చినా ఆలస్యంగా వస్తుంది. పారాక్సెటిన్ సగం పోవడానికి ఒక రోజు కూడా పట్టదు. వెన్లాఫాక్సిన్ అయితే 5 గంటలు, దాని తరవాతి రూపం 11 గంటలు. పొద్దున వేసుకోవాల్సింది సాయంత్రం దాకా మర్చిపోతే వెన్లాఫాక్సిన్ వాడేవాళ్ళకి ఒళ్ళే గుర్తుచేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఫోను చూసుకునేవాళ్ళు ఇది వినండి, మిగతాది వినకపోయినా పరవాలేదు.

మనందరికీ ఒక లెక్క అలవాటు. 20 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాను, 10కి తగ్గిస్తే సగం మానేసినట్టు, 5కి తగ్గిస్తే ముప్పావు మానేసినట్టు, ఇంక మిగిలింది పావే కదా, తీసి పారెయ్. అంతేనా? అంతే అనుకుంటాం. ఒంట్లో అలా జరగదు. సిటలోప్రామ్ అనే మందు మీద మెదడు స్కానింగులు చేసి చూశారు. ఎంత మోతాదు వేస్తే ఆ లాక్కునే దారులు ఎంత శాతం మూసుకుంటాయి అని. 20 మిల్లీగ్రాములకి సుమారు 80 శాతం మూసుకుంటాయి. 9కి తగ్గిస్తే 70. సగానికి పైగా తగ్గించాం, తేడా ఎంత? పది. 5.4కి తెస్తే 60. 3.4కి 50. ఒకటిన్నర మిల్లీగ్రాముకి కూడా, వింటున్నారా, ఒకటిన్నరకి కూడా 30 శాతం మూసే ఉంటాయి. అంటే 20 నుంచి 10కి దిగినప్పుడు మెదడుకి తెలిసిన తేడా 10 శాతం. 5 నుంచి సున్నాకి దిగినప్పుడు తెలిసిన తేడా 60 శాతం దరిదాపు.

అటక మీంచి నిచ్చెన దిగుతున్నామనుకోండి. పై మెట్లన్నీ జానెడు జానెడు దూరంలో ఉన్నాయి, హాయిగా దిగాం. ఆఖరి మెట్టుకీ నేలకీ మధ్య నిలువెత్తు ఖాళీ. ఇన్ని మెట్లు దిగాను, ఇదొక లెక్కా అని కాలు వదిలేస్తే? మనవాళ్ళు పడేది అక్కడే. "5 దాకా బాగానే వచ్చానమ్మా, అది కూడా తీసేశాక మూడో రోజు నుంచి ఏటయిపోతన్నానో తెల్డం లేదు" అంటారు. మూడో రోజు నుంచే ఎందుకు? ఆ మందు పోవడానికి పట్టే కాలం అది. అందుకని, పైన త్వరగా దిగినా కింద మెల్లగా దిగాలి. 5 తరవాత సున్నా కాదు. 5 తరవాత రెండున్నర, ఆ తరవాత ఒకటింపావు, కొందరికి ఇంకా తక్కువ.

ఈ లెక్కని 2019లో మార్క్ హోరోవిట్జ్, డేవిడ్ టేలర్ అనే ఇద్దరు లాన్సెట్ సైకియాట్రీలోనే రాశారు. హోరోవిట్జ్ మానసిక వైద్యుడే. తాను వాడుతున్న ఎస్సిటలోప్రామ్ మానబోయి తానే అవస్థపడ్డాడు, ఆ సంగతి బహిరంగంగా చెప్పుకున్నాడు. డాక్టరుకి నొప్పి తగిలితే గానీ పుస్తకం మారలేదన్నమాట. ఎస్సిటలోప్రామ్ సిటలోప్రామ్‌కి తోబుట్టువే, సగం మోతాదులో ఆ పని చేస్తుంది. కాబట్టి దాని చివరి మెట్లు ఇంకా చిన్న ముక్కలు.

చిన్న ముక్కలు ఎలా చెయ్యాలి? నెదర్లాండ్స్‌లో పీటర్ గ్రూట్, జిమ్ వాన్ ఓస్ అనే ఇద్దరు 28 రోజుల పట్టీలు తయారుచేయించారు. రోజుకో చిన్న పొట్లం, ప్రతి పొట్లంలో కొంచెం తగ్గిన మోతాదు. మనకి విజయనగరంలో అవెక్కడ? మనకి ఉన్నది 5 మిల్లీగ్రాముల మాత్ర, బ్లేడు. ఒక దర్జీ ఆయన కుట్లు విప్పే బ్లేడుతో, పాత పేపరు పరిచి, 5 మాత్రని నాలుగు ముక్కలు చేసేవాడు. రెండు ముక్కలు సరిగ్గా వచ్చేవి, ఒకటి పొడైపోయేది, ఒకటి ఎగిరి మిషను కింద పడేది. పొడిని తడి వేలితో అద్దుకుని నాలిక మీద వేసుకునేవాడు. ఆయన పట్టుదలకి దండం పెట్టాలి గానీ, రోజుకో మోతాదు పడుతోంది. మాత్ర కోసే చిన్న పెట్టె మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, అడగండి. సగాలు దాంతో బాగానే వస్తాయి. కొన్ని మందులు ద్రవంగా దొరుకుతాయి, సిరంజితో కొలుచుకోవచ్చు. ఏది దొరుకుతుందో డాక్టర్నీ, షాపులో ఫార్మసిస్టునీ అడిగి తెప్పించుకోవాలి.

కొయ్యకూడని మాత్రలున్నాయి, గుర్తుపెట్టుకోండి. డెస్‌వెన్లాఫాక్సిన్ మాత్ర, పారాక్సెటిన్‌లో సీఆర్ అని రాసి ఉన్నది, ఇలా నెమ్మదిగా విడుదలయ్యేలా చేసినవి కోసినా, నూరినా, నమిలినా పాడైపోతాయి. డ్యులాక్సెటిన్ క్యాప్సూల్‌లో గింజల మీద పూత ఉంటుంది, గింజల్ని నూరకూడదు. ఇలాంటివి మానాలంటే డాక్టరే వేరే దారి చూడాలి. కొన్నిసార్లు ఫ్లూఆక్సెటిన్‌కి మార్చి దాన్ని తగ్గిస్తాం. అది సొంతంగా చేసే పని కాదు.

"రోజు విడిచి రోజు వేసుకో, అదే మానిపోతుంది" అనే సలహా మన ఊళ్ళలో బాగా నడుస్తుంది. డాక్టర్లు కూడా చెప్తారు. వద్దు. ఎస్సిటలోప్రామ్ సగం పోవడానికి 30 గంటలు పట్టిందనుకుంటే, రెండో రోజు మాత్ర వేసుకునే వేళకి మూడో వంతే మిగులుతుంది. మళ్ళీ వేస్తాం, పైకి లేస్తుంది. మళ్ళీ పడిపోతుంది. మెల్లగా దిగుతున్నామనుకుంటాం, రోజు విడిచి రోజు కిందపడి లేస్తున్నాం. ప్రతిరోజూ వెయ్యాలి, తక్కువ వెయ్యాలి. అంతే.

ఇంకొకటి, ఇది మన దేశంలో చాలా పెద్ద సంగతి. మీ అట్ట మీద అసలు మందు పేరు చదవమన్నాను కదా. చాలామంది అట్టల మీద రెండు పేర్లుంటాయి. ఎస్సిటలోప్రామ్, పక్కన క్లోనజిపామ్. ఆ రెండోది నిద్ర, కంగారు తగ్గించే మందు. అది అలవాటు పడే మందే, అందులో దాపరికం లేదు. ఎక్కువకాలం వాడి ఠక్కున ఆపితే ఫిట్స్ రావచ్చు. పాత అమిట్రిప్టిలిన్ మాత్రల్లో కూడా క్లోర్‌డయాజిపాక్సైడ్ కలిపినవి ఉన్నాయి, అదీ ఆ కుటుంబమే. ఇలాంటి జంట మాత్ర ఒక్కసారి మానేస్తే రెండు మందులు ఒకేసారి మానినట్టు. ఏ బాధ దేనివల్లో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ముందు డాక్టరు దగ్గరికెళ్ళి రెండిటినీ విడివిడి మాత్రలుగా రాయించుకోండి. తరవాత ఒక్కోటీ తగ్గించుకుంటూ రావాలి. పాత చీటీ చూపించి, ఒక్కోసారి అదీ లేకుండా, ఏళ్ళ తరబడి షాపులో కొనుక్కుంటున్నవాళ్ళకి ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నాను. ఇవి చీటీ మీదే అమ్మాల్సిన మందులు.

సరే, మానాక బాధ వచ్చింది. అది మందు ఆపడం వల్లా, జబ్బు తిరగబెట్టిందా? ఇక్కడే సగం సంసారాలు తప్పుదారి పడతాయి. మందు ఆపిన బాధ రోజుల్లోనే మొదలవుతుంది, మొదలవడానికి మహా అయితే వారం, రెండు వారాలు పడుతుంది. జబ్బు తిరగబెట్టడానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది, మెల్లగా కమ్ముకుంటుంది. మందు ఆపిన బాధలో ఒంటి బాధలు కలిసి ఉంటాయి, తల్లో కరెంటు, తూలడం, వికారం. మీకు మొదట జబ్బు చేసినప్పుడు అవి ఉన్నాయా? గుర్తు తెచ్చుకోండి. లేకపోతే ఇవి కొత్తవి. మందు మళ్ళీ వేస్తే ఆపిన బాధ ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది, జబ్బయితే తగ్గడానికి వారాలు కావాలి. ఇంకో తేడా, ఆపిన బాధ కెరటాల్లా వస్తుంది. రెండ్రోజులు బాగుంటుంది, మళ్ళీ ఒకరోజు వస్తుంది, మళ్ళీ పోతుంది. నూటికి నూరుపాళ్ళు తేల్చే పరీక్ష లేదు, రక్తపరీక్షలో ఇది దొరకదు. అయినా ఈ ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తెలుస్తుంది.

వేసుకోకపోతే ఏమవుతుంది? మానేసిన నాలుగో రోజు ఏడుస్తుంటే "చూశావా, మళ్ళీ మొదలైంది, దీన్ని చినవాల్తేరు తీసుకెళ్ళాల్సిందే" అంటారు. మన వైపు చినవాల్తేరు అంటే అర్థం ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. విశాఖలోని ఆ మానసిక ఆసుపత్రి ఎంతోమందిని నిలబెట్టిన ఆసుపత్రి, మనమే ఆ పేరుని తిట్టు చేశాం. ఆ మాటకి బెదిరి ఆ మనిషి జీవితాంతం మాత్ర వేసుకుంటుంది, నాకు ఇది లేకపోతే పిచ్చెక్కుతుందని నమ్ముతుంది. అలా నమ్మి పదేళ్ళు వాడినవాళ్ళని చూశాను. వాళ్ళకి కావలసింది పది నెలలు మెల్లగా తగ్గించడం.

అలాగని అందరూ మానేయండి అని నేను చెప్పట్లేదు. జాగ్రత్తగా వినండి, బయటికెళ్ళి డాక్టరమ్మ మానేయమంది అనకండి. ఇంగ్లండులో 478 మంది మీద ఒక అధ్యయనం చేశారు, 2021లో ప్రచురించారు. అందరూ చాలాకాలం మందు వాడి, బాగున్నాం, ఆపొచ్చు అనుకున్నవాళ్ళే. కొందరికి మందు కొనసాగించారు, కొందరికి తెలియకుండా తగ్గించి ఉత్తుత్తి మాత్రకి మార్చారు. ఏడాదిలో మందు ఆపినవాళ్ళలో 56 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. కొనసాగించినవాళ్ళలో 39 శాతం మందికి. మందు కాపాడుతోంది, అందులో అనుమానం లేదు. మందు వేసుకున్నా నూటికి 39 మందికి వచ్చింది, అదీ చూడాలి. మానేసినా నూటికి 44 మంది ఏడాదంతా బాగున్నారు, అదీ చూడాలి. మీరు ఏ గుంపులో ఉంటారో ముందే చెప్పే జ్యోతిషం మా దగ్గర లేదు. జబ్బు ఎన్నిసార్లు వచ్చింది, ఎంత తీవ్రంగా వచ్చింది, ప్రాణం తీసుకోవాలనే దాకా వెళ్ళారా, ఇవి చూసి మీరూ డాక్టరూ కూర్చుని తేల్చుకోవాలి. మొదటిసారి వచ్చినవాళ్ళయితే పూర్తిగా తగ్గాక ఆరు నుంచి తొమ్మిది నెలలైనా మందు కొనసాగించాలి. మళ్ళీ మళ్ళీ వచ్చినవాళ్ళయితే ఇంకా ఎక్కువ.

ఎప్పుడు మొదలుపెట్టాలి? ఇంట్లో పెళ్ళి పెట్టుకుని వద్దు. పిల్లాడి ఇంటర్ పరీక్షల ముందు వద్దు. ఇంట్లో మనిషి పోయి పదకొండో రోజు కాకుండా వద్దు. వరి కోతలు, నూర్పులు అయ్యాక, చేతిలో కాస్త తీరిక ఉన్నప్పుడు మొదలుపెట్టండి. కొద్ది వారాలే వాడినవాళ్ళకి రెండు నుంచి నాలుగు వారాల్లో అయిపోవచ్చు. ఏళ్ళు వాడినవాళ్ళకి నెలలు పడుతుంది, ఏడాది పట్టినా తప్పు లేదు. ఒక మెట్టు దిగాక రెండు నుంచి నాలుగు వారాలు అక్కడే ఉండండి. కుదురుగా ఉంటే తరవాతి మెట్టు. లేకపోతే వెనక్కి ఒక మెట్టెక్కి, ఒళ్ళు నెమ్మదించాక ఇంకా చిన్న మెట్టు వేసుకుని దిగండి. వెనక్కెళ్ళడం ఓడిపోవడం కాదని మా దగ్గరికొచ్చే మగవాళ్ళకి ఒకటికి పదిసార్లు చెప్పాల్సి వస్తుంది.

మీ ఇంట్లో గోడకి క్యాలెండరు ఉంటుంది కదా, పాలు ఎన్ని లీటర్లు, గ్యాసు బండ ఎప్పుడొచ్చింది అని రాస్తారు కదా. ఆ గళ్ళలోనే రాయండి. పైన మూల ఆ రోజు వేసుకున్న మోతాదు. కింద నిద్ర ఎన్ని గంటలు. మధ్యలో కళ్ళు తిరిగితే ఒక చుక్క, ఏడిస్తే ఒక గీత. ఎవరికీ అర్థం కాదు, మీకు మాత్రం అర్థమవుతుంది. నెలాఖరుకి చూస్తే మోతాదు తగ్గించిన రోజు పక్కన చుక్కలు గుంపుగా ఉన్నాయా, మెల్లగా పలచబడుతున్నాయా అన్నది కళ్ళకి కడుతుంది. ఆ కాగితం నా ముందు పెడితే నేను అడగాల్సిన పది ప్రశ్నలు తప్పుతాయి.

ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. మొగుడికి చెప్పలేకపోతే అప్పకి చెప్పండి, ఆడపడుచుకి చెప్పండి. "ఈ నెల మందు తగ్గిస్తున్నాను, కసురుకుంటే నా మీద పెట్టుకోకు, మరీ తేడాగా ఉంటే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళు" అని. చెప్పించుకున్నవాళ్ళ పని ఏమిటంటే, సలహాలివ్వకుండా ఉండడం. "మనసు గట్టిగా పెట్టుకో" అనకండి. కళ్ళు తిరిగేవాళ్ళు మనసు గట్టిగా పెట్టుకుంటే కళ్ళు తిరగడం ఆగదు.

మిగతావి గబగబా చెప్తాను, మీకు తెలిసినవే. కడుపులో తిప్పుతుంటే మాత్ర అన్నం తిన్నాక వేసుకోండి, ఉప్పేసిన గంజి తాగండి. మధ్యాహ్నం తరవాత టీ కాఫీలు మానండి, కంగారుని, నిద్రలేమిని అవి పెంచుతాయి. సారా, బ్రాందీ అసలు వద్దు. పొద్దున్న పెద్దచెరువు గట్టు మీద నడవండి, వెలుతురు పడితే రాత్రి నిద్ర బాగుపడుతుంది. మోతాదు తగ్గించిన వారం మోటారుసైకిలు జాగ్రత్త, ఆటో నడిపేవాళ్ళు, తాడిచెట్టెక్కేవాళ్ళు, పరంజా మీద పనిచేసేవాళ్ళు మరీ జాగ్రత్త. పెద్దవాళ్ళు మంచం మీంచి ఒక్క ఉదుటున లేవకండి. ప్రయాణమైతే మందు రెండు అట్టలు, చీటీ ఫోటో ఫోనులో. తుపాను హెచ్చరిక వస్తే కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలతో పాటు మందులు కూడా కొనిపెట్టుకోండి. తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో ఎన్ని రోజులు కరెంటు లేదో, దార్లు ఎలా మూసుకుపోయాయో మీకు గుర్తుంది కదా.

చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆగకండి. అది మందు వల్లా జబ్బు వల్లా అని క్యాలెండరు చూసుకునే సమయం కాదు. ఆ రోజే డాక్టరు దగ్గరికి, లేకపోతే జిల్లా ఆసుపత్రికి వెళ్ళండి. రాత్రయితే 14416కి ఫోను చెయ్యండి. టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ఇప్పుడే ఫోనులో ఎక్కించుకోండి. నేను ఆగుతాను, ఎక్కించుకోండి. ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు.

ఇప్పుడు చీటీలు చూస్తాను. మొదటిది. "మా నాన్నది కంచిలి దగ్గర, కిడ్నీ జబ్బు, డిప్రెషన్ మందు కూడా వాడుతున్నారు. ఇబ్బందా?" కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి డ్యులాక్సెటిన్ పనికిరాదు, వెన్లాఫాక్సిన్ మోతాదు తగ్గించాలి. మీ నాన్నగారు ఏది వాడుతున్నారో రాయలేదు. కిడ్నీ డాక్టరుకి ఈ అట్ట, మానసిక డాక్టరుకి క్రియాటినిన్ అనే కిడ్నీ పరీక్ష రిపోర్టు, రెండూ ఇద్దరికీ చూపించండి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం వాళ్ళు ఇది అలవాటుగా చెయ్యాలి.

రెండోది. "కోడలు నెల తప్పింది, మాత్రలు ఆపించేశాం." ఎప్పుడు ఆపించారో రాయలేదు. ఇది రాసినవారు ఈ వారంలోనే ఆ అమ్మాయిని తీసుకెళ్ళి చూపించండి. కడుపుతో ఉన్నవాళ్ళకి పారాక్సెటిన్ సాధారణంగా ఇవ్వం. మిగతావాటిలో కొన్ని, అవసరమైతే, కొనసాగిస్తాం. అకస్మాత్తుగా ఆపి జబ్బు తిరగబెట్టి, తల్లి తినక, పడుకోక ఉంటే అది బిడ్డకి మంచిది కాదు. మీరు మంచికే చేశారు, కానీ ఆ నిర్ణయం గైనకాలజిస్టు, మానసిక డాక్టరు కలిసి చెయ్యాలి. ఆ అమ్మాయిని కూడా అడగండి.

మూడోది చాలా చిన్న అక్షరాల్లో ఉంది. "మానేసి మూడు వారాలైంది. రోజూ కరెంటు కొడుతోంది. ఏం చెయ్యాలి." పేరు లేదు, మందు పేరూ లేదు, పరవాలేదు. చూడండి, రోజురోజుకీ తగ్గుతూ ఉంటే, పని చేసుకోగలుగుతుంటే, ఇంకొన్ని వారాలు ఓపిక పట్టొచ్చు. తగ్గకుండా, నిద్ర లేకుండా, పని మానుకుని ఉంటే ఓపిక పట్టక్కర్లేదు. డాక్టరు చెప్పిన మోతాదులో అదే మందు మళ్ళీ మొదలుపెట్టి, కుదుటపడ్డాక ఈసారి మెల్లగా దిగొచ్చు. పాత మోతాదు మొత్తం సొంతంగా వేసేసుకోకండి, మధ్యలో గ్యాప్ వచ్చింది కాబట్టి ఎంతతో మొదలుపెట్టాలో చూసి చెప్పాలి. రేపు ఓపీకి రండి. పాత చీటీలు, ఖాళీ అట్ట ఉంటే అదీ పట్టుకుని రండి. బండి మీద రాకండి, ఆటోలో రండి.